పీక్ రాని గ్రాఫు

నర్సీపట్నంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే సత్యశ్రీని స్టాఫ్‌రూములో అందరూ ‘డాక్టరమ్మ’ అని పిలిచేవాళ్ళు. అప్పటికింకా ఆమె థీసిస్ ఇవ్వలేదు, వైవా జరగలేదు, యూనివర్సిటీ ఆమె పేరు ముందు ఏ అక్షరమూ చేర్చలేదు. బిరుదులు పంచేటప్పుడు మనవాళ్ళ చెయ్యి ఎప్పుడూ పెద్దదే కదా. ఆమె పైకి “ఊరుకోండి సార్” అనేది గానీ, ఆ మాట వింటే లోపల చల్లగా ఉండేది. ఉండదా మరి? రోలుగుంట దగ్గర చెరకూ జీడితోటా తప్ప మరొకటి ఎరగని ఇంట్లో పుట్టి, బస్సుల్లో వేలాడుతూ ఎమ్మెస్సీ పూర్తిచేసి, నలభై దగ్గరపడ్డాక పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో చేరిన మనిషి.

కాలేజీలో ఎమ్మెస్సీ కోర్సు పెడతామని యాజమాన్యం చాన్నాళ్ళుగా అంటోంది. పెడితే డాక్టరేటు ఉన్నవాళ్ళే హెడ్డుగా ఉండాలి. సత్యశ్రీకి డాక్టరేటు వస్తే ఆ కుర్చీ ఆమెది. రాకపోతే విశాఖ నుంచి ఎవరినో తెచ్చి ఆమె నెత్తిన కూర్చోబెడతారు. అయితే ఆమె కోరిక కుర్చీ ఒక్కటే కాదు. ఏళ్ళ తరబడి అవే సాల్టులు, అవే టైట్రేషన్లు చేయించి చేయించి ఆమెకు ప్రాణం విసిగిపోయింది. ఇంతకుముందు ఎవరూ కనిపెట్టనిది, చిన్నదైనా సరే, ఒక్కటి తన చేత్తో కనిపెట్టాలని ఉండేది. ఈ సంగతి ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని భయం.

ఆమె చేసే పని ఏమిటో చెప్పాలి. అల్యూమినా అని ఒక తెల్లపొడి ఉంటుంది. దాని మీద మాలిబ్డినం ఆక్సైడును పలచగా పరిస్తే అది ఉత్ప్రేరకం అవుతుంది. అంటే తాను ఖర్చయిపోకుండా పక్కనున్న రసాయనాల చేత తొందరగా పని చేయిస్తుంది. కిటుకంతా ఆ పలచగా పరవడంలోనే ఉంది. పరుచుకోకుండా గడ్డలు కట్టిందంటే గడ్డ లోపల ఇరుక్కున్నదంతా దండగ. అల్యూమినా కొంతవరకే మోస్తుంది, అంతకు మించి వేస్తే గడ్డలే. అందుకని ముందు అల్యూమినాకు టైటానియం ఆక్సైడుతో ఒక పూత వేసి, ఆ పూత మీద మాలిబ్డినం వేస్తే ఎక్కువ పరుచుకుంటుందా అన్నది సత్యశ్రీ ప్రశ్న. క్లాసులో పిల్లలు అడిగితే, “కొత్త పెనం మీద దోసె వేస్తే ఏటవుద్ది? ముద్దయిపోద్ది. అదే ఉల్లిపాయ ముక్కతో రుద్ది వేస్తే? నేను రుద్దుతున్నది ఆ ఉల్లిపాయే” అని చెప్పేది.

గడ్డ కట్టిందో లేదో కంటికి కనబడదు. పొడిని విశాఖ తీసుకెళ్ళి ఎక్స్‌రే గ్రాఫు తీయించాలి. గడ్డలుంటే గ్రాఫులో సూదుల్లాంటి పీక్‌లు లేస్తాయి. పలచగా పరుచుకుపోతే పీక్ ఉండదు, గీత చదునుగా సాగిపోతుంది. అంటే ఈ పనిలో ఏమీ కనబడకపోవడమే గొప్ప. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, సత్యశ్రీ కొంప ముంచింది ఇదే.

యూనివర్సిటీలో ఫర్నేసు దొరకాలంటే పెద్ద క్యూ. అందుకని పొడులు కాల్చే పని ఆమె నర్సీపట్నంలోనే, కాలేజీ ల్యాబు మూలనున్న పాత ఫర్నేసులో చేసుకునేది. ఆమె గైడు ప్రొఫెసర్ జగదీశ్వరరావుగారు అందుకు ఒప్పుకున్నారు. ముందుగా పూత లేని మామూలు అల్యూమినా మీద మాలిబ్డినం వేసి, ఐదు వందల డిగ్రీల దగ్గర కాల్చింది. గ్రాఫులో పీక్‌లు లేచాయి. లేవాల్సిందే, మోయగలిగినదాని కన్నా ఎక్కువ వేసింది కదా. ఇక పూత వేసిన పొడితో మొదలుపెడదాం అనుకుంటుండగా దసరా వచ్చింది.

ఆయుధపూజ నాడు మన కాలేజీ ల్యాబులు ఎలా ఉంటాయో అక్కడ చదివినవాళ్ళందరికీ తెలుసు. త్రాసుకీ, సెంట్రిఫ్యూజుకీ, ఆఖరికి సింకు మీద కుళాయికి కూడా పసుపు రాసి బొట్టు పెడతారు. అటెండరు మంగరాజు బెంచీలు కడుగుతుంటే, ఫర్నేసు పని సత్యశ్రీ తనే పెట్టుకుంది. తన పీహెచ్‌డీ వండి వడ్డించబోయే పొయ్యి అది. ఇంకొకరి చేత తుడిపించడానికి ఆమెకు మనసొప్పలేదు. తలుపు తుడిచింది. లోపల ఇటుకల మీది దుమ్ము బ్రష్షుతో దులిపింది. వెనకవైపు నుంచి లోపలికి దూరి ఉండే, వేడి ఎంతుందో చెప్పే కడ్డీని కూడా బయటికి లాగి, శుభ్రంగా తుడిచి, దాని మొదలుకు పసుపు రాసి, కుంకుమ అద్ది మళ్ళీ దూర్చింది. లోపల ఏదో అడ్డం తగిలింది. ఇంతే కాబోలనుకుని, కదలకుండా సందులో ఆస్బెస్టాస్ తాడు ముక్క కుక్కి, దణ్ణం పెట్టుకుంది. కొబ్బరికాయ కొట్టారు. అందరికీ అటుకులూ బెల్లమూ పంచారు.

సెలవుల తర్వాత పూత వేసిన పొడి మీద మాలిబ్డినం వేసి కాల్చింది. పొడి ఎంత తెల్లగా వచ్చిందంటే, సీసాలో పోసి కిటికీ దగ్గర పెట్టుకుని మురిసిపోయింది. విశాఖలో గ్రాఫు తీయించిన రోజున జగదీశ్వరరావుగారే ఫోన్ చేశారు.

“ఏవమ్మా సత్యశ్రీ, ఏటి సేసేవమ్మా దీన్ని? ఒక్క పీక్ లేదు! నున్నగా ఉంది గీత!”

ఆమె బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చింది. మళ్ళీ చేసింది. మళ్ళీ పీక్ రాలేదు. మాలిబ్డినం ఇంకా పెంచి చేసింది. అయినా రాలేదు. టైటానియం పూత పెనానికి ఉల్లిపాయ రుద్దినట్టే పనిచేసిందని ఇద్దరూ నమ్మారు. ఒక్క చర్య పరీక్షలో మాత్రం, అంటే ఉత్ప్రేరకం నిజంగా పని చేస్తుందా లేదా అని చూసినప్పుడు, ఆ పొడి చాలా నీరసంగా నడిచింది. “అది వేరే అధ్యాయంలే, తర్వాత సూద్దాం” అన్నారు గైడుగారు. సరేనంది.

నిజానికి చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. ఆ పొడిని ఆమ్లంలో కరిగించి, అందులో మాలిబ్డినం ఎంతుందో తూచి చూడడం. లోహాన్ని అలా తూచడం సెకండియర్ పిల్లలకు ఏటా ఆమే నేర్పిస్తుంది. కానీ ఎంత వేసిందో తనకు తెలుసు, మళ్ళీ తూచడం దేనికి? డబ్బాలో పోసిన బియ్యం ఎక్కడికి పోతాయి? మనకు నచ్చిన జవాబు వచ్చాక రెండోసారి అడిగే అలవాటు మనలో ఎంతమందికి ఉంది గనక ఆమెను అనడానికి!

ఒకసారి మంగరాజు అన్నాడు కూడా: “అమ్మా, ఈ పొయ్యి తలుపు కాడ ఏటో మెరుపులు రాల్తన్నాయండి. ఇటికలు పోతన్నాయేటో.”

“పాతదైపోయింది కదా మంగరాజూ, తుడిచీ” అంది సత్యశ్రీ. అతను తుడిచేశాడు.

ఈ ఫలితం మీద రాసిన పేపరు ఒక సైన్సు పత్రికలో అచ్చయింది. ఆమె పేరు, వెనక జగదీశ్వరరావుగారి పేరు. ‘డాక్టరమ్మ’ అన్న పిలుపు ఆ వారంలోనే పుట్టింది. థీసిస్ టైపు కావడం మొదలైంది. యూనివర్సిటీ ఇచ్చిన ఆఖరి గడువు వచ్చే డిసెంబరు. గైడుగారు రిటైరయ్యేదీ అప్పుడే. తొందరేమీ లేదు, అంతా సవ్యంగానే జరిగిపోయేలా ఉంది.

అప్పుడు వచ్చింది సాయిప్రియ. ఎస్. రాయవరం వైపు సముద్రపు ఒడ్డు ఊరు వాళ్ళది. నాన్న మత్స్యరాజు వేటకు వెళ్తాడు, అమ్మ చేపలు అమ్ముతుంది. ఆ ఊళ్ళో పీహెచ్‌డీలో చేరిన మొదటి పిల్ల ఆమే. జగదీశ్వరరావుగారి ఆఖరి విద్యార్థి. సత్యశ్రీ కనిపెట్టినదాన్ని తీసుకుని, పూత మందం మారుస్తూ ముందుకు తీసుకెళ్ళమని ఆమెకు పని ఇచ్చారు. ముందుగా సత్యశ్రీ చేసినది చేసినట్టు యూనివర్సిటీ ఫర్నేసులో చేసి చూసింది. పీక్‌లు లేచాయి. ఇంకోసారి చేసింది. ఇంకా లేచాయి.

“అక్కా, మళ్ళీ వచ్చీసిందక్కా పీక్. ఏటి సెయ్యాలో తెలవట్లేదు” అని ఫోన్ చేసేది.

“ద్రావణం మెల్లగా పోసేవా? కలుపుతూనే ఉన్నావా?”

“మీ పేపర్లో రాసినట్టే సేసేనక్కా. అక్షరం వదల్లేదు.”

సత్యశ్రీ ఆ పిల్లను నర్సీపట్నం రమ్మంది. ఆమె పొద్దున్న బస్సుకి వచ్చింది. ఇద్దరూ కలిసి ఆ పాత ఫర్నేసులో చేశారు. కలిపింది, ఆరబెట్టింది, కాల్చింది అంతా సాయిప్రియే. సత్యశ్రీ పక్కన కూర్చుందంతే. ఆ పొడికి విశాఖలో గ్రాఫు తీస్తే పీక్ లేదు. పిల్ల సంతోషంతో ఫోన్లో కేకలు పెట్టింది. కానీ తన ఫర్నేసులో మళ్ళీ చేసేసరికి పీక్‌లు యథాప్రకారం వచ్చి కూర్చున్నాయి.

జగదీశ్వరరావుగారి ఓపిక అయిపోయింది. ఇద్దరినీ గదికి పిలిచారు. “అక్కడ సత్యశ్రీ పక్కనుంది గనక సరిగ్గా వచ్చింది. లోపం నీ సేతిలోనే ఉంది” అని పిల్లతో అని, సత్యశ్రీ వైపు తిరిగారు. “నువ్వు సూసేవు కదమ్మా, ఎలాగుంది ఈ పిల్ల పని?”

తెలియదండీ అనొచ్చు. బాగానే చేస్తుందండీ అనొచ్చు, అదే నిజం. కానీ పిల్ల పని బాగుందంటే తన పేపరు బాగోలేదన్న మాట వస్తుంది. “కొంచెం తొందర ఎక్కువండి” అంది సత్యశ్రీ. “ఓపిక తక్కువ.”

సాయిప్రియ తల దించుకుని నేలకేసి చూసింది. ఆ పిల్లకున్నంత ఓపిక తనకే లేదని సత్యశ్రీకి ఆ క్షణంలోనే తెలుసు. తెలిసీ అంది. ఆమె మీద నాకు జాలి ఉంది గానీ, ఆ ఒక్క మాటకు మాత్రం లేదు.

వానలు పడే రోజుల్లో సాయిప్రియ పీహెచ్‌డీ మానేసి ఒక మందుల కంపెనీ ల్యాబులో చేరిపోయింది. వెళ్తూ సత్యశ్రీకి మెసేజ్ పెట్టింది: ‘నాకు రిసెర్చ్ సేతకాదక్కా. మీ టైమ్ వేస్ట్ సేసేను, సారీ.’ సత్యశ్రీ దానికి చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపి ఊరుకుంది.

మళ్ళీ దసరా వచ్చింది. మళ్ళీ ఫర్నేసు తుడవడానికి కూర్చుంది. వెనకవైపు కడ్డీని పట్టుకోగానే పోయినేడు తాను రాసిన పసుపు కనబడింది, వేడికి నల్లబడి. ఆ పసుపు రాసింది కడ్డీ మొదట్లో. అది గోడకు ఆనుకుని ఉండాలి. కానీ గోడకు జానెడు ఇవతల ఉంది. సత్యశ్రీ చెయ్యి అక్కడే ఆగిపోయింది. తాడు ముక్క పీకి, కడ్డీ లాగి, లోపలికి వేలు పెట్టి చూసింది. రంధ్రంలో ఒక ఇటుక పెచ్చు అడ్డం పడి ఉంది. అంటే ఏడాదిగా ఆ కడ్డీ కొస పొయ్యిలో లేదు, గోడ మందంలో ఉంది. గోడ వేడి ఐదు వందలకు చేరేదాకా పొయ్యి మండుతూనే ఉంటుంది గనక, లోపలి వేడి అంతకన్నా ఎంతో ఎక్కువ.

తలుపు తీసి, పైఅంచు చీకట్లోకి ఫోన్ లైటు వేసింది. మంగరాజు గుడ్డ అందని మూలలో సన్నటి సూదుల్లాంటి పలకలు, లేత పసుపు రంగులో, మెరుస్తూ వేలాడుతున్నాయి. అంత వేడికి మాలిబ్డినం ఆక్సైడు ఆవిరై లేచిపోతుంది, చల్లటి చోట మళ్ళీ సూదుల్లా పేరుకుంటుంది. ఈ సంగతి తనే క్లాసులో చెబుతుంది. తన పొడి మీద గడ్డ కట్టకపోవడానికి పూత కారణం కాదు. గడ్డ కట్టడానికి అక్కడ మాలిబ్డినం మిగల్లేదు, అంతే.

“అమ్మా, బొట్టు పెట్టీమంటారా?” అని మంగరాజు కుంకుమ గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. ఆమె తల ఊపింది. అతను ఫర్నేసుకు బొట్టు పెట్టాడు.

సెలవుల్లో ఒక్కతే వచ్చి, నెపం వెతకడానికి వీల్లేకుండా అన్నీ చేసింది. పొడిని కరిగించి తూచింది. వేసినదానిలో మూడో వంతు కూడా లేదు. ఇటుక పెచ్చు తీసి, కడ్డీని పూర్తిగా దూర్చి, సరైన వేడి దగ్గర పూత పొడిని మళ్ళీ కాల్చింది. దానికి విశాఖలో తీయించిన గ్రాఫులో పీక్‌లు మామూలు అల్యూమినా కన్నా కూడా పొడుగ్గా లేచాయి. ఆమె వేసిన పూత మేలు చేయకపోగా కీడు చేసింది. ఇన్నేళ్ళుగా అడిగిన ప్రశ్నకు అసలు జవాబు అదీ. బల్ల మీద తల వాల్చేసింది. ఏడుపు కూడా రాలేదు.

విశాఖ వెళ్ళి గైడుగారికి అంతా చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నారు.

“ఇంకెవరికైనా సెప్పేవా?”

“లేదండి.”

“అయితే సెప్పకు. థీసిస్ ఇచ్చీ. పరీక్ష సేసేవాళ్ళు నీ పొయ్యి సూడ్డానికి నర్సీపట్నం వస్తారేటమ్మా?”

“పేపరు వెనక్కి తీసుకుందామండి. పూత పనికిరాలేదనే రాద్దాం. అదీ ఫలితమే కదండీ.”

“ఫలితమే. కానీ దానికి మళ్ళీ మొదట్నుంచీ సెయ్యాలి. నీకు గడువు లేదు, నాకు సర్వీసు లేదు.” ఆయన గొంతు తగ్గింది. “ఆ పేపరు మీద నా పేరు కూడా ఉందమ్మా. ఎల్లిపోయే ముందు ఈ వయసులో నన్ను నవ్వులపాలు సెయ్యకు.”

ఆయన చెడ్డవాడు కాదు. అలిసిపోయినవాడు. సత్యశ్రీకి ఆయన మీద కోపం తెచ్చుకోవాలన్నా రాలేదు. ‘మరి సాయిప్రియ’ అందామని నోటిదాకా వచ్చింది. ఆయన కిటికీ వైపు తిరిగిపోయారు.

థీసిస్ అచ్చు కాగితాలు ఇంట్లో మంచం మీదే ఉన్నాయి. అందులోని పని అంతా నిజమని విద్యార్థి సంతకం పెట్టే పేజీ ఒకటి ఉంటుంది. భర్త సూర్యప్రకాష్ కోటవురట్లలో బడి పంతులు. “పెట్టీ సత్యా, ఎవడికి నష్టం? లోకంలో ఎంతమంది పెట్టట్లేదు?” అన్నాడు. నిజమే, ఎంతోమంది పెడుతున్నారు. ఆమె కూడా పెట్టేదేమో. కానీ ఆ కాగితం తీసినప్పుడల్లా, గైడుగారి గదిలో తల దించుకుని నిలబడ్డ పిల్ల కళ్ళ ముందుకు వచ్చేది. కలం మూత పెట్టేసేది. రేపు చూద్దాంలే, రేపు చూద్దాంలే అనుకుంటుండగానే డిసెంబరు వెళ్ళిపోయింది. గైడుగారు వెళ్ళిపోయారు. రిజిస్ట్రేషన్ రద్దయినట్టు యూనివర్సిటీ నుంచి రెండు లైన్ల మెయిల్ వచ్చింది.

పోనీ, నిజం చెప్పానన్న తృప్తయినా మిగిలిందా అంటే అదీ లేదు. పేపరు అచ్చువేసిన పత్రికకు రాస్తే, రచయితలందరూ సంతకం చేసి అడగాలన్నారు. జగదీశ్వరరావుగారు చేయలేదు. ఆ పేపరు అక్కడే ఉంది. ఎక్కడెక్కడివాళ్ళో దాన్ని చూపించి, టైటానియం పూత వేస్తే మాలిబ్డినం బాగా పరుచుకుంటుందని రాసుకుంటూనే ఉన్నారు. వేసవి తర్వాత కాలేజీలో ఎమ్మెస్సీ పెట్టారు. విశాఖ నుంచి ఒక కుర్రాడు హెడ్డుగా వచ్చాడు, పేరు ముందు డాక్టర్ ఉంది, మర్యాదస్తుడు. సత్యశ్రీకి ఫస్టియర్ సాల్టులు ఇచ్చాడు. స్టాఫ్‌రూములో ఇప్పుడు ఎవరూ ఆమెను డాక్టరమ్మ అనరు. పొరపాటున ఎవరైనా అంటే మిగతావాళ్ళు మాట మార్చేస్తారు.

ఒకటి మాత్రం తన చేతిలో ఉందనుకుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం సాయిప్రియకు ఫోన్ చేసింది. పొయ్యి సంగతి, కడ్డీ సంగతి, మూలన దొరికిన సూదుల సంగతి అన్నీ చెప్పింది.

“నీ చేతిలో ఏ లోపమూ లేదమ్మా. నీకు వచ్చిందే నిజం. నాదే తప్పు. ఆ రోజు సార్ దగ్గర నేను అన్న మాట కూడా అబద్ధం.”

అవతల ఏదో బస్సు హారను మోగింది.

“ఇది సార్‌కి తెలుసేటక్కా?”

“చెప్పేను. ఊరుకోమన్నారు.”

“అలగా. మా నాన్న ఇప్పటికీ అడుగుతాడక్కా, ఎందుకు వదిలీసేవమ్మా అని. నాకు సేతకాలేదు నాన్నా అని సెప్పేను. అప్పట్లో నిద్ర పట్టీది కాదు, తొందర నాదే, తప్పు నాదే అనుకుంటూ ఉండీదాన్ని. ఆఖరికి నేను అంతేలే అని నమ్మీసేను. నమ్మేకే నిద్ర పట్టింది.”

“మళ్ళీ చేరొచ్చమ్మా. నేను ఎక్కడికైనా వచ్చి చెబుతాను.”

“ఎవరు సేర్చుకుంటారక్కా, మధ్యలో మానేసిన పిల్లని? మిమ్మల్ని ఎవరు అడుగుతారు?” ఆ గొంతులో కోపం లేదు. ఉంటే సత్యశ్రీకి కాస్త బాగుండేది. “నాకు సేతనవునని ఇప్పుడెందుకు సెప్పేరక్కా? దీన్నేటి సేసుకోను నేను?”

“షిఫ్టుకి బస్సు వచ్చేసిందక్కా” అని సాయిప్రియ పెట్టేసింది. కాసేపాగి సత్యశ్రీ మళ్ళీ చేసింది, ఎత్తలేదు. మర్నాడు చేసింది, ఆ తర్వాత కూడా చేసింది. సాయిప్రియ ఇక ఎప్పుడూ ఎత్తలేదు.